ఇన్నోవేషన్, ఎంట్రప్రెన్యూర్‌షిప్ కోర్సు నడపడం ఎలా? అధ్యాపకులకు 15 వారాల సమగ్ర మార్గదర్శి

ఈ కోర్సు ఎలా చెప్పాలని అడిగే అధ్యాపకుల్లో ఎక్కువ మందికి మొదట కావలసింది పాఠ్యపుస్తకం పేరు. నేను మాత్రం మొదట టైంటేబుల్ మార్చుకోమని చెబుతాను.

మొదటి తరగతిలోనే విద్యార్థులు ‘రైతుల కోసం యాప్ చేస్తాం సార్’ అంటారు. ఏ రైతు, ఏ ఊరు, ఏ నెలలో వచ్చే కష్టం అని అడిగితే నిశ్శబ్దం. దానికి జవాబు దొరికేదాకా వాళ్లను సమస్య దగ్గరే నిలబెట్టడం ఈ కోర్సులో మన అసలు పని. అందుకే 15 వారాల్లో మొదటి 6 వారాలు పరిష్కారం ఊసు ఎత్తనివ్వను.

పద్ధతి స్పష్టంగా కనబడాలని ఒకే ఉదాహరణను చివరిదాకా తీసుకెళ్తాను. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో మిరపకాయలు ఆరబోసే కల్లం. మీ కళాశాల ఎక్కడున్నా అలాంటి చోటు ఒకటి దగ్గరలోనే ఉంటుంది.

1. సెమిస్టర్ మొదలయ్యే ముందు

కోర్సు గట్టెక్కేదీ మునిగేదీ ఈ దశలోనే. తరగతులు మొదలవడానికి కనీసం నెల ముందు పని ప్రారంభించండి.

ముందు టైంటేబుల్. విడివిడిగా మూడు పీరియడ్లు ఇస్తే ఈ కోర్సు నడవదు. ల్యాబ్‌కు ఇచ్చినట్టే వరుసగా మూడు గంటలు, వీలైతే మధ్యాహ్నం భోజనం తర్వాత, అడిగి తీసుకోండి. బయటికి వెళ్లే వారాల్లో సాయంత్రం దాకా సమయం కలిసొస్తుంది.

తర్వాత సమస్యల ఖాతా, అంటే విద్యార్థులు పనిచేయదగ్గ సమస్యల జాబితా. కళాశాల నుంచి బస్సులో గంటలోపు చేరగల ఎనిమిది, పది చోట్లకు మీరే వెళ్లి రండి. కల్లం, రైతుబజారు, ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ, చేపల మార్కెట్, మగ్గాల షెడ్డు, హాస్టల్ వంటగది ఏదైనా సరే. ప్రతి చోటా విద్యార్థులను రానిచ్చే ఒక మనిషిని ముందే మాట్లాడిపెట్టుకోండి. మీరు చూడని చోటికి విద్యార్థులను పంపకండి.

కాలం చూసుకోవడం చాలామంది మరిచిపోతారు. మిర్చి కల్లాలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా కళకళలాడతాయి, కాబట్టి ఆ సమస్య రెండో సెమిస్టర్‌కు సరిపోతుంది. జులైలో మొదలయ్యే సెమిస్టర్‌లో అదే సమస్య ఇస్తే విద్యార్థులు ఖాళీ నేలను చూసి వస్తారు. అప్పుడు ఏడాది పొడవునా ఉండే హాస్టల్ అన్నం వృథా, ఓపీ క్యూ వంటివి మేలు.

హ్యాకథాన్‌ల కోసం మంత్రిత్వ శాఖలు ఇచ్చే సమస్యల జాబితాలు చదివించవచ్చు. కోర్సుకు మాత్రం వాటిని ఆధారం చేసుకోకండి. ఆ కష్టం పడే మనిషిని విద్యార్థి మూడుసార్లు కలవగలగాలి. కాగితం మీది సమస్యతో అది కుదరదు.

సిద్ధమయ్యారా? సరిచూసుకోండి:

□ వరుసగా మూడు గంటల సమయం
□ ఎనిమిది చోట్లు, ప్రతి చోటా ఒక పరిచయస్తుడు
□ సమస్య కాలం, సెమిస్టర్ కాలం కలిశాయా
□ బయటికి వెళ్లడానికి విభాగాధిపతి అనుమతి, హాస్టల్ విద్యార్థులకు అవుట్‌పాస్, చీకటి పడకముందే తిరిగివచ్చే ఏర్పాటు
□ జట్టుకు ఒక కుట్టు నోట్‌బుక్, ఒక టేపు
□ అందరికీ కలిపి రెండు తూకం యంత్రాలు, గాలిలో తేమను, ఉష్ణోగ్రతను చూపే చిన్న మీటర్లు రెండు
□ జట్టుకు 500 నుంచి 1,000 రూపాయల నమూనా ఖర్చు, దానికి బిల్లులు ఎవరు పాస్ చేస్తారన్న స్పష్టత

2. జట్లు కట్టడం (1వ వారం)

60 మంది ఉంటే నలుగురి చొప్పున 15 జట్లు. ఐదుగురైతే ఒకరు పని తప్పించుకుంటారు, ముగ్గురైతే ఒకరు సెలవు పెట్టినప్పుడు పని ఆగిపోతుంది.

స్నేహితులను ఒకే జట్టులో వదలకండి. ప్రతి జట్టులో చేతిపని తెలిసినవాళ్లు ఒకరు, లెక్కలు రాయగలిగినవాళ్లు ఒకరు, ఆ ప్రాంతపు మాట, పని తెలిసినవాళ్లు ఒకరు ఉండేలా చూడండి. రైతు కుటుంబం నుంచి వచ్చి, తరగతిలో నోరు మెదపని విద్యార్థి కల్లంలో అడుగుపెట్టగానే జట్టుకు పెద్దదిక్కు అవుతాడు. అది చూసిన ప్రతిసారీ నాకు సంతోషంగా ఉంటుంది.

3. చూడటం, ఆ తర్వాత అడగడం (2 నుంచి 4వ వారం)

మొదటి పర్యటనలో ప్రశ్నలు వద్దు. రెండు గంటలు చూసి రాయడమే. ఎవరు ఏం చేశారు, ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆగారు, ఏది రెండోసారి చేయాల్సి వచ్చింది. ప్రతి పంక్తికీ పక్కన గడియారం సమయం ఉండాలి.

రెండో పర్యటనలో అడగాలి. ఇక్కడ విద్యార్థులు చేసే పెద్ద తప్పు రాబోయే దాని గురించి అడగడం. ‘ఇలాంటి యంత్రం చేస్తే కొంటారా బాబాయ్?’ అని అడిగితే, ‘మంచిదే బాబూ, చేయండి’ అంటారు. ఇంటికి వచ్చిన పిల్లలను నొప్పించకూడదన్న మర్యాద అది. దాన్ని గిరాకీగా లెక్కేస్తే కోర్సు మొత్తం తప్పుదారి పడుతుంది.

జరిగిపోయిన దాని గురించే అడగాలని నేర్పండి:

- పోయిన సీజన్‌లో కాయలు ఎన్నిసార్లు తడిశాయి?
- చివరిసారి తడిసినప్పుడు మొదట ఏం చేశారు? ఎవరిని పిలిచారు?
- తాలు కాయలు (రంగు పోయిన నాసిరకం కాయలు) ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తేలాయి? వాటికి ఎంత ధర వచ్చింది?
- దీనికోసం ఇప్పటిదాకా ఏమైనా కొన్నారా? ఎంత పెట్టి?

చివరి ప్రశ్న అన్నిటికన్నా విలువైనది. కష్టం నిజంగా నొప్పి పెడితే, మనిషి దానికి ఏదో ఒక ఉపాయం చేసుకునే ఉంటాడు. ఆ ఉపాయం కనబడకపోతే ఆ సమస్యను ఒకసారి అనుమానించండి.

ప్రతి జట్టూ కనీసం పదిమందితో మాట్లాడాలి. అందులో ముగ్గురైనా కూలికి వచ్చే స్త్రీలు కావాలి. కాయల మీద పట్ట (టార్పాలిన్) కప్పేది, తీసేది, కాయ తిరగేసేది, తాలు ఏరేది ఎక్కువగా వాళ్లే. యజమానికి తెలియని సంగతులు వాళ్లకు తెలుస్తాయి.

మాటలను విన్నవి విన్నట్టు తెలుగులోనే రాయించండి. కల్లం, టిక్కీ, తాలు, మంచు వంటి మాటలను విద్యార్థులు వెంటనే ఇంగ్లిషులోకి మార్చేస్తే సగం సంగతి అక్కడే జారిపోతుంది. రికార్డు ఏ భాషలో కావాలన్నా, క్షేత్రంలో పట్టుకెళ్లే నోట్‌బుక్ తెలుగులో ఉండనివ్వండి.

4. సమస్యను ఒక వాక్యంలో పెట్టడం (5వ వారం)

ఈ వాక్యంలో ఐదు అంశాలు ఉండాలి: ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఎంత నష్టం, ఇప్పుడు ఏం చేస్తున్నారు. పరిష్కారాన్ని సూచించే మాట ఒక్కటి కూడా ఉండకూడదు.

ముందు తరగతిలో ఒక అభ్యాసం చేయించండి. పోచంపల్లి చీర నేతకు ముందు నూలును ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ దారాన్ని వరుసగా చుట్టాలి. చేత్తో చేస్తే ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. విద్యార్థులకు యంత్రం సంగతి చెప్పకుండా పరిస్థితి మాత్రమే చెప్పి సమస్య వాక్యం రాయమనండి. చాలామంది ‘ఆసు పోయడానికి ఆటోమేటిక్ యంత్రం లేదు’ అని రాస్తారు. అది పరిష్కారం లేదన్న ఫిర్యాదు. చేతి కదలికల సంఖ్య, భుజం నొప్పి, రోజుకు చేయగలిగే చీరల పరిమితి రాసినవాళ్లే సమస్య రాసినట్టు.

మన కల్లం విషయంలో:

తప్పు: ‘మిర్చి రైతులకు ఆధునిక డ్రయ్యర్లు అందుబాటులో లేవు.’

సరి: ‘సొంత కల్లంలో మిర్చి ఆరబెట్టే చిన్న రైతులకు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో, రాత్రంతా పట్ట కింద చెమ్మగిలిన కాయలు రంగు మారి తాలుగా పోతున్నాయి. పొద్దున పట్ట ఆలస్యంగా తీసిన రోజుల్లో ఇది ఎక్కువ.’ దీని చివర జట్టు స్వయంగా సేకరించిన నష్టం అంకె చేరాలి.

వాక్యాన్ని ఆ కష్టం పడే మనిషికి చదివి వినిపించాలి. ‘అవును, ఇదే’ అన్నారా, ‘అదొకటి ఉంది గానీ’ అన్నారా? రెండో జవాబు వస్తే వెనక్కి వెళ్లి మళ్లీ చూడాలి.

5. కారణం దాకా తవ్వడం (6వ వారం)

టయోటా కర్మాగారాల నుంచి వచ్చిన ‘ఐదు ఎందుకులు’ పద్ధతి సరిపోతుంది. వరుస ఇలా సాగవచ్చు:

1. కాయ ఎందుకు రంగు మారింది? తడి ఎక్కువసేపు నిలిచింది.
2. ఎందుకు నిలిచింది? పట్ట కింద ఆవిరి బయటికి పోలేదు.
3. తెల్లవారాక కూడా పట్ట ఎందుకు ఉంది? తీసే మనుషులు రాలేదు.
4. ఇంట్లో ఉన్న ఒక్కరు ఎందుకు తీయలేదు? మంచుకు తడిసి బరువెక్కిన పట్టను ఒక్కరు లాగలేరు.
5. అంత బరువు ఎందుకు? కల్లం మొత్తానికి ఒకే పెద్ద పట్ట.

చూడండి, డ్రయ్యర్ అనుకున్న సమస్య ఒక మనిషి తీయలేని పట్ట దగ్గరికి వచ్చింది. జట్టు చేయగలిగిన పని ఇప్పుడు కంటికి కనబడుతోంది.

తప్పులు రెండు జరుగుతాయి. ఒకటి, ఐదు జవాబులూ తరగతి గదిలో కూర్చుని ఊహించి రాయడం. ప్రతి జవాబు పక్కనా నోట్‌బుక్ పుట సంఖ్య వేయించండి. పుట లేకపోతే ఆ జవాబు చెల్లదు. రెండు, చివరి జవాబు ‘ప్రభుత్వం పట్టించుకోదు’ దగ్గర తేలడం. అది నిజం కావచ్చు, కానీ నలుగురు విద్యార్థులు సెమిస్టర్‌లో మార్చగలిగిన లంకె దగ్గర ఆగాలి.

కారణాలు ఒకే వరుసలో రాకుండా చెదిరిపోతే చేపముల్లు చిత్రం గీయించండి. మనిషి, పద్ధతి, పరికరం, సరుకు, వాతావరణం అనే ఐదు ముళ్లు చాలు.

6. వైరుధ్యాన్ని పట్టుకోవడం (7, 8 వారాలు)

నాకు ఈ కోర్సులో అన్నిటికన్నా ఇష్టమైన రెండు వారాలు ఇవి. సోవియట్ ఇంజినీరు గెన్రిఖ్ ఆల్ట్‌షుల్లర్ పేటెంట్లను పరిశీలించి రూపొందించిన ట్రిజ్ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. ఒకటి బాగుపడితే ఇంకొకటి చెడిపోయే చోటును వైరుధ్యం అంటారు. దాన్ని సర్దుబాటుతో వదిలేయకుండా తొలగించడమే ఆవిష్కరణ అని ఈ పద్ధతి చెబుతుంది.

ట్రిజ్‌లో 40 సూత్రాలు, 39 లక్షణాల పట్టిక ఉన్నాయి. అవన్నీ ఒకేసారి ముందు పెడితే పిల్లలు బెదిరిపోతారు. పట్టికను పక్కన పెట్టి, వైరుధ్యాన్ని ఒక పంక్తిలో రాయించండి:

‘వాన, మంచు తగలకుండా కల్లం మీద కప్పు ఉండాలి. ఆవిరి పోవడానికి కప్పు ఉండకూడదు.’

ఇప్పుడు నాలుగు ప్రశ్నలు వేయండి.

- కాలంలో విడదీయగలమా? పగలు లేకుండా, రాత్రి మాత్రమే ఉండేలా. ఒక్కరే గొట్టానికి చుట్టి తీయగల పట్ట.
- స్థలంలో విడదీయగలమా? పైన కప్పు, పక్కల ఖాళీ. వంచిన పైపుల మీద, కాయకు తగలకుండా ఎత్తుగా నిలిచే కప్పు.
- షరతును బట్టి విడదీయగలమా? ఎండను లోనికి రానిచ్చి నీటిని ఆపే పారదర్శక షీటు. తడిగాలి పైనుంచి పోయే దారి లేకపోతే ఇదీ పట్టలాగే ఉక్కపోస్తుంది.
- భాగానికీ మొత్తానికీ మధ్య విడదీయగలమా? విడివిడిగా తేలికైన చిన్న పట్టీలు, కలిపితే పూర్తి కప్పు.

ఒక గంటలో నాలుగు భిన్నమైన దారులు దొరికాయి. వట్టి చర్చ పెడితే ఇందులో ఒకటో రెండో వచ్చేవి, అవీ గట్టిగా మాట్లాడేవాళ్లవే.

తర్వాతి వారం 40 సూత్రాల్లో ఎనిమిది మాత్రమే ఇవ్వండి: ముక్కలు చేయడం, అడ్డొచ్చేదాన్ని వేరుచేయడం, ముందే చేసిపెట్టడం, తలకిందులు చేయడం, కదిలేలా చేయడం, తన పని తానే చేసుకునేలా చేయడం, హానినే మేలుగా వాడుకోవడం, కొంచెం తక్కువగానో ఎక్కువగానో చేయడం. ‘తలకిందులు చేయడం’ ఇచ్చినప్పుడు కప్పు మాట వదిలి, కాయలనే నేల నుంచి పైకి లేపి జాలీ మీద పోయాలన్న ఆలోచన రావాలి.

మొదటి పదిహేను నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఎవరికి వారు రాయాలి. ఆ నియమం సడలించకండి.

7. ఒకటి ఎంచుకోవడం (9వ వారం)

పట్టిక గీయించండి. అడ్డంగా ఆలోచనలు, నిలువుగా కొలమానాలు: ఖర్చు, ఒక్కరు వాడగలరా, బాగుచేయడం ఊళ్లో కుదురుతుందా, గాలివానకు నిలుస్తుందా, ఆరే వేగం. ఇప్పుడు రైతు వాడుతున్న పద్ధతిని సున్నాగా పెట్టి, దానికన్నా మేలైతే +, తీసికట్టయితే −, సమానమైతే 0.

మొత్తం కూడి ఎక్కువ వచ్చింది తీసుకోవడం కాదు దీని ఉద్దేశం. ఒక ఆలోచనలోని − గుర్తును మరో ఆలోచనలోని + తో తీసేయగలమా అని చూడాలి. చివరికి మిగిలేది చాలాసార్లు రెండింటి కలయిక.

8. నమూనా, పరీక్ష (10 నుంచి 12వ వారం)

నమూనా ఒక ప్రశ్నకు జవాబివ్వాలి. ప్రశ్న రాయకుండా డబ్బు ఇవ్వకండి. ఉదాహరణ: ‘ఒక మనిషి ఈ కప్పును 5 నిమిషాల్లో తీయగలరా?’ తీయలేకపోతే నమూనా విఫలమైనట్టేనని పరీక్షకు ముందే రాసి సంతకం చేయాలి. తర్వాత గీత జరపడానికి వీలుండదు.

ఆరే వేగాన్ని కొలవడానికి ఖరీదైన తేమ మీటర్ అవసరం లేదు, తూకం చాలు. ఒకే కోత కాయలను 10 కిలోల చొప్పున రెండు పరుపులుగా నేల మీద పరవాలి. ఒకటి రైతు పద్ధతిలో, ఒకటి కొత్త కప్పు కింద. రోజూ ఒకే సమయానికి తూచాలి.

తేమ ఎంతో ముందు తెలియాలి. కొన్ని కాయలను కెమిస్ట్రీ ల్యాబ్ ఓవెన్‌లో 105 డిగ్రీల వద్ద, బరువు ఇక తగ్గనంత వరకు ఉంచి తూస్తే అసలు తేమ తెలుస్తుంది. అది 75 శాతం అనుకుంటే 10 కిలోల్లో పొడి పదార్థం 2.5 కిలోలు. తేమ 10 శాతానికి దిగాలంటే బరువు 2.5 ÷ 0.9, అంటే దాదాపు 2.78 కిలోలకు రావాలి. ఏ పరుపు ఎన్ని రోజుల్లో అక్కడికి చేరిందో అదే ఫలితం.

వాన రాకపోతే మొక్కలకు నీళ్లు చల్లే క్యాన్‌తో కప్పు మీద పోసి చూడండి. రాత్రి కప్పు కింద తేమను చిన్న మీటరుతో నమోదు చేయండి. పరీక్షకు వాడిన కాయలకు రైతుకు పరిహారం ఇచ్చే ఏర్పాటు ముందే ఉండాలి. పరీక్షలో చెడిన కాయ ఖర్చు ఆయన మీద పడకూడదు.

□ ప్రశ్న ఒక్కటే ఉందా
□ విఫలం అనడానికి గీత ముందే రాశారా
□ పోల్చడానికి పాత పద్ధతి పక్కనే ఉందా
□ కొలిచినవారి పేరు, సమయం ఉన్నాయా
□ కనీసం ఒకసారి విద్యార్థి కాకుండా వాడే మనిషే వాడి చూశారా

9. డబ్బు లెక్క (13వ వారం)

వ్యాపార ప్రణాళిక పేరుతో ముప్పై పుటలు అడగకండి. ఒక్క పుట చాలు: ఎవరు కొంటారు, ఎందుకు, ఎంతకు, తయారీకి ఎంత, ఏడాదికి ఎన్ని.

లెక్క కోసం అంకెలు వేసుకుందాం. కప్పు ఖరీదు 9,000 రూపాయలు, మూడు సీజన్లు పనిచేస్తుంది, సీజన్‌కు 3,000. రైతుకు 20 క్వింటాళ్లు. తాలు 2 శాతం తగ్గితే 40 కిలోలు. మంచి కాయకూ తాలుకూ కిలోకు 80 రూపాయలు తేడా అనుకుంటే మిగిలేది 3,200. అంటే రైతుకు లాభం 200. దానికోసం ఎవరూ 9,000 ముందు పెట్టరు.

ఈ జవాబు దగ్గర విద్యార్థులు కుంగిపోతారు. అప్పుడే మీరు పక్కన కూర్చోవాలి. ఖరీదు సగం చేయగలమా? ఇద్దరు ముగ్గురు రైతులు పంచుకోగలరా? అద్దెకు ఇస్తే? మిగతా ఎనిమిది నెలలు అదే కప్పు ధాన్యానికో పసుపుకో పనికొస్తుందా? ఎంట్రప్రెన్యూర్‌షిప్ అసలు పాఠం ఈ గంటలో జరుగుతుంది.

గిరాకీని మాటతో కొలవకండి. వచ్చే సీజన్‌లో పరీక్షకు రైతు తన కల్లంలో పదడుగులు ఇస్తానన్నారా? వంద రూపాయలైనా బయానా ఇచ్చారా? అదే రుజువు.

10. మార్కులు

మార్కులు దేనికి పెడితే విద్యార్థి దానికే పనిచేస్తాడు. నేను ఇలా పంచుతాను:

- క్షేత్ర నోట్‌బుక్: 25
- సమస్య వాక్యం, కారణాలు: 20
- ప్రత్యామ్నాయాలు, ఎంపిక: 20
- పరీక్ష, కొలతలు: 20
- డబ్బు లెక్క: 15

స్లయిడ్ల అందానికి మార్కులు లేవు. నమూనా విఫలమైనా కొలతలు నిజాయితీగా ఉంటే పూర్తి మార్కులు ఇవ్వండి. ఈ మాట మొదటి రోజే చెప్పి, రాతలో ఇవ్వండి. లేకపోతే 12వ వారంలో అంకెలు తయారుచేస్తారు.

వైవాలో నలుగురినీ విడివిడిగా అడగండి: ‘నీ నోట్‌బుక్‌లో నిన్ను ఆశ్చర్యపరిచిన పంక్తి ఏది?’ పనిచేసినవాళ్లు వెంటనే పుట తిప్పి చూపిస్తారు.

11. మధ్యలో దారి తప్పితే

8వ వారానికి కూడా సమస్య తేలని జట్టు: కొత్త సమస్య వెతకనివ్వకండి. పక్క జట్టు ధ్రువీకరించిన సమస్యనే ఇచ్చి, వేరే వైరుధ్యంతో ముందుకు పంపండి.

ఒక్కరే పనిచేస్తున్న జట్టు: నోట్‌బుక్‌లో చేతిరాతలు చూడండి. వచ్చే పర్యటనకు రాసే బాధ్యత మిగతా ముగ్గురికీ వంతులవారీగా మార్చండి.

ఇంటర్నెట్‌లోంచి రెడీమేడ్ ప్రాజెక్టు తెచ్చిన జట్టు: దాన్ని తిరస్కరించకుండా పాత పద్ధతి స్థానంలో సున్నా కింద పెట్టి, దానికన్నా మేలు చూపమనండి.

12. సెమిస్టర్ అయ్యాక

నిజంగా కొత్తది దొరికిందనిపిస్తే ప్రదర్శనల్లో పెట్టే ముందు ఆగండి. ముందే బయటపెడితే పేటెంటుకు కావలసిన కొత్తదనం పోతుంది. మొదట తాత్కాలిక దరఖాస్తు వేయవచ్చు, పూర్తి వివరాలకు 12 నెలల గడువు ఉంటుంది. మన చట్టంలో వ్యవసాయ పద్ధతికి, వట్టి కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంటు రాదని కూడా విద్యార్థులకు చెప్పండి. పరికరానికి దరఖాస్తు వేయవచ్చు.

ముందుకు వెళ్లాలనుకునే జట్టును హైదరాబాద్‌లోని టీ-వర్క్స్ వంటి నమూనా కేంద్రానికో, స్టార్టప్‌ల కోసం టీ-హబ్‌కో దారి చూపండి. ఎవరినీ కంపెనీ రిజిస్టర్ చేయమని తొందరపెట్టకండి. బయానా రాని సరుకుకు కంపెనీ పేరు పెడితే ఏటా లెక్కలు దాఖలు చేసే భారం తప్ప మరేమీ రాదు.

14వ వారంలోనే ఒక రోజు పక్కన పెట్టండి. ప్రతి జట్టూ తమకు సమయం ఇచ్చిన మనుషుల దగ్గరికి తిరిగి వెళ్లి, ఏం దొరికిందో, ఏం దొరకలేదో తెలుగులో ఒక పుటలో రాసి చదివి వినిపించాలి. ఆ పుట నకలు, నోట్‌బుక్, కొలతల పట్టిక మీ సమస్యల ఖాతాలో చేరాలి. వచ్చే ఏడాది జట్టు ఆ కల్లానికి వెళ్లినప్పుడు మొదటి ప్రశ్న నుంచి కాకుండా ఇక్కడి నుంచి మొదలుపెడుతుంది.